వద్దు అనే హక్కు

ఊళ్లో నలుగురు కూడిన చోట తరచుగా ఒక మాట వినిపిస్తుంది. "కడుపు నిండనోనికి హక్కులెందుకు సార్? ముందుగాల అన్నం పెట్టాలె, పని చూపియ్యాలె. కోర్టులు, కేసులు, మాట్లాడే హక్కులు అన్నీ తర్వాత." బాగా చదువుకున్నవాళ్లు ఇదే మాటను కొంచెం మార్చి చెబుతారు. మనది ఇంకా ఎదుగుతున్న దేశం, ముందు అభివృద్ధి జరగనివ్వండి, స్వేచ్ఛ సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు అంటారు. ఇంకొకరు లేచి, ప్రభుత్వం పక్కకు తప్పుకొని వ్యాపారాన్ని దాని దారిన వదిలేస్తే పేదరికం దానంతట అదే పోతుందంటారు. చట్టాలతోనూ వ్యాపారంతోనూ ఏమీ కాదు, సేవ చేసే మనుషులు కావాలని మరొకరు అంటారు.

పౌర స్వేచ్ఛ, సమాజ సేవ, స్వేచ్ఛా వ్యాపారం. పేదవాడికి ఈ మూడింటిలో ఏది ముందు కావాలి? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో ఉండే ప్రశ్నలా అనిపించదు. నేను ఎరుకల ఇంట్లో పుట్టి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, ఈ రాజంపేట ప్రాంతంలో పిల్లలకు పాఠాలు చెబుతున్నవాణ్ణి. మా వాళ్ల చరిత్రలో ఈ మూడూ ఒకే కాలంలో, ఒకే ఊళ్లో ఎదురుపడ్డాయి. ఆ చరిత్ర తెలిసిన మన యువకులు తక్కువ. చెప్పే ఉపాధ్యాయులు ఇంకా తక్కువ. అందుకే దాన్ని ముందు చెప్పి, ఆ తర్వాత ప్రశ్న దగ్గరికి వస్తాను.

పేర్లలోనే ఉన్న వ్యాపారం

మా ఎరుకల శాఖల పేర్లు ఒకసారి చూడండి. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, ఈతపుల్లల ఎరుకల, పరికముగ్గుల ఎరుకల. ఉప్పు మోసి అమ్మినవాళ్లు, కరివేపాకు అమ్మినవాళ్లు, వెదురు దబ్బలతో గంపలు అల్లినవాళ్లు, ఈత పుల్లలతో గుల్లలు అల్లినవాళ్లు, ముగ్గు వేసి ఎరుక చెప్పినవాళ్లు. ప్రతి పేరులో ఒక పని, ఒక సరుకు ఉంది. సముద్రం ఒడ్డున ఉప్పు కొని, ఎడ్ల మీద, గాడిదల మీద వేసుకొని లోపలి ఊళ్లకు చేర్చి, అక్కడి ధాన్యం తిరిగి తెచ్చేవాళ్లు. మన పక్క తండాల లంబాడీ అన్నల పెద్దలు కూడా వేల ఎడ్లతో ధాన్యం, ఉప్పు మోసినవాళ్లే. రోడ్లు లేని కాలంలో ఈ దేశపు లోపలి ఊళ్లకు ఉప్పు అందింది మన పెద్దల కాళ్ల వల్ల.

కాబట్టి గిరిజనుడికి వ్యాపారం తెలియదు, మార్కెట్ అంటే భయం అనే మాట అన్ని తెగలకూ వర్తించదు. మా వాళ్లు వ్యాపారం చేసే బతికారు. ఆ వ్యాపారం ఎలా పోయింది? 1850ల తర్వాత రైలు వచ్చింది. మన కామారెడ్డి మీదుగా పోయే సికింద్రాబాద్–మన్మాడ్ లైను కూడా 1900 ప్రాంతంలో పడిందే. రైలు పెట్టెలో ఉప్పు వస్తుంటే ఎద్దు మీద ఉప్పు కొనేదెవరు? ఇంతవరకు పోటీలో ఓడిపోయాం అనుకోవచ్చు. కానీ సంగతి అక్కడితో ఆగలేదు. ఉప్పు మీద బ్రిటిష్ ప్రభుత్వం గుత్తాధిపత్యం పెట్టింది, పన్ను వేసింది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవిలో వెదురు కొట్టడానికి, ఎడ్లు మేపడానికి అడ్డంకులు వచ్చాయి. ముడిసరుకు పోయింది, మేత పోయింది, సరుకు పోయింది. పోటీ కొంత దెబ్బ తీస్తే, సర్కారు చట్టం మిగతా దెబ్బ తీసింది.

పుట్టుకనే నేరం చేసిన చట్టం

బతుకుదెరువు పోయిన మనుషులు రోడ్డు మీద తిరుగుతుంటే ప్రభుత్వానికి వాళ్లు పేదవాళ్లుగా కనిపించలేదు, అనుమానితులుగా కనిపించారు. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం, అంటే నేరస్థ జాతుల చట్టం వచ్చింది. ఈ దేశంలో వడ్రంగం, కమ్మరం తండ్రి నుంచి కొడుక్కి వచ్చినట్టే నేరం కూడా వంశంలో వస్తుందని ఆ చట్టం తెచ్చినవాళ్లు వాదించారు. మొదట ఉత్తర భారతంలో అమలైన ఈ చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఎరుకల సమూహాలను అందులో చేర్చారు.

ఆ చట్టం ఏం చేసిందో మన పిల్లలకు వివరంగా చెప్పాలి. ఒక జాతిని నేరస్థ జాతి అని ప్రభుత్వం ప్రకటిస్తే చాలు, ఆ జాతిలో పుట్టినవాళ్ల పేర్లు రిజిస్టరులోకి ఎక్కించవచ్చు. వేలిముద్రలు తీసుకోవచ్చు. చెప్పిన వేళకు వచ్చి హాజరు వేయించుకొమ్మనవచ్చు. అనుమతి చీటీ లేకుండా ఊరు దాటకూడదనవచ్చు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పని నేర్పే బడుల్లో పెట్టవచ్చు. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, ఆ ప్రకటన తప్పు అని ఏ కోర్టులోనూ ప్రశ్నించడానికి వీల్లేదని చట్టంలోనే రాశారు. మనిషి ఏం చేశాడని అడిగే పని లేకుండా, ఎక్కడ పుట్టాడని అడిగితే సరిపోయింది.

అది మద్రాసు ప్రెసిడెన్సీ సంగతి, మనది నిజాం రాజ్యం కదా అని మనం పక్కకు తప్పుకోలేం. చట్టానికి సరిహద్దు ఉంటుంది గానీ మచ్చకు ఉండదు. ఎరుకల అనగానే ముఖంలో మారే రంగు ఇటువైపు ఊళ్లలోనూ మనం చూస్తూనే ఉన్నాం.

స్టువర్టుపురంలో సేవ

ఇప్పుడు సేవ సంగతి. ఫ్రెడరిక్ బూత్ టక్కర్ అనే ఆయన ఐసీఎస్ ఉద్యోగం వదిలి, 1882లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థను మన దేశానికి తెచ్చాడు. నేరస్థులుగా ముద్రపడిన జాతులను బాగుచేస్తామని ఆ సంస్థ ముందుకు వచ్చింది. ఆయన ఈ పనికి 'క్రిమినోక్యురాలజీ' అని ఒక పేరు కూడా పెట్టాడు. నేరం ఒక రోగం, మేము వైద్యులం అన్నట్టు. 1910ల్లో బాపట్ల, చీరాల మధ్య ప్రభుత్వ సాయంతో ఒక సెటిల్‌మెంట్ వెలిసింది. మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద దానికి స్టువర్టుపురం అని పేరు పెట్టారు. అక్కడికి చేర్చిన ఎరుకల కుటుంబాలకు హాజరు వేశారు, వ్యవసాయం చేయించారు, పిల్లలకు బడి పెట్టారు. దగ్గర్లోని చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీ ఉంది. సెటిల్‌మెంట్ జనం, ఆడవాళ్లతో సహా, ఆ కంపెనీలో కూలికి వెళ్లారు. మీనా రాధాకృష్ణ అనే పరిశోధకురాలు ఈ చరిత్రంతా తవ్వి తీసి ఒక పుస్తకమే రాశారు.

ఒక ఊరు చాలు మన ప్రశ్నను పరీక్షించడానికి. సేవ ఉంది. పరిశ్రమ ఉంది, పని ఉంది, కూలి ఉంది. చట్టమూ ఉంది. "ముందు అన్నం పెట్టండి, పని చూపండి" అనేవాళ్లు అడిగినవన్నీ దాదాపుగా అక్కడ ఉన్నాయి. మరి ఆ జనం ఎందుకు బాగుపడలేదు? ఇంకా ఘోరంగా, స్టువర్టుపురం అనే పేరే తెలుగు సినిమాల్లో, మాటల్లో దొంగతనానికి మారుపేరు ఎందుకయింది?

న్యాయంగా మాట్లాడదాం. ఆ సంస్థ వాళ్లందరూ చెడ్డవాళ్లని నేను అనను. పోలీసు దెబ్బల నుంచి కొందరు తప్పించుకున్నారు. కొందరు పిల్లలకు అక్షరాలు వచ్చాయి. కొందరికి భూమి దొరికింది. సేవ చేసినవాళ్లలో నిజంగా మనసు పెట్టి పనిచేసినవాళ్లు ఉండే ఉంటారు. అయినా అక్కడ లోపించింది ఒకటి ఉంది. సేవ అందుకునేవాడికి "నాకు ఈ సేవ వద్దు" అనే వీలు లేదు. కూలికి వెళ్లేవాడికి "ఈ కూలి చాలదు, నేను వేరే ఊరు పోతా" అనే వీలు లేదు, పోతే చట్టం పట్టుకుంటుంది. ప్రకటన తప్పు అనుకున్నవాడికి కోర్టుకు వెళ్లే వీలు లేదు.

అంటే, వద్దు అనే హక్కు పోయిన చోట సేవ కాపలాగా మారింది, ఉద్యోగం వెట్టిగా మారింది. పేరుకు స్వేచ్ఛా వ్యాపారమే, కానీ అందులో స్వేచ్ఛ కంపెనీకి మాత్రమే ఉంది. బేరం ఆడగలిగే ఇద్దరు మనుషులు ఉన్నప్పుడే వ్యాపారం అవుతుంది. ఒకడి చెయ్యి కట్టేసి రెండోవాడు ధర చెబితే దానికి ఇంకో పేరు పెట్టాలి.

అన్నం ముందా, హక్కు ముందా?

ఇది పాత తెల్లదొరల కథ, ఇప్పుడు మనది మన ప్రభుత్వం కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. మన ప్రభుత్వమే పేదల మేలు కోసం కొన్నాళ్లు స్వేచ్ఛను పక్కన పెడితే తప్పేమిటి?

ఈ వాదనకు మన దేశంలోనే ఒక పరీక్ష జరిగింది. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టారు. పత్రికలకు సెన్సార్ వచ్చింది, వేలమందిని విచారణ లేకుండా జైల్లో పెట్టారు. అదే ఎమర్జెన్సీలో, 1975 అక్టోబరులో, వెట్టిచాకిరీని రద్దుచేస్తూ ఆర్డినెన్స్ వచ్చింది, 1976లో అది చట్టమయింది. నిజం చెప్పాలి: పాలేర్లుగా, జీతగాళ్లుగా తరాల తరబడి అప్పుకు కట్టుబడ్డ మన దళిత, గిరిజన కుటుంబాలకు అది చాలా గొప్ప చట్టం. స్వేచ్ఛ లేని కాలంలోనే పేదవాడికి మేలు జరిగింది కదా అని ఎవరైనా అంటే, ఆ మాటలో కొంత నిజం ఉంది.

కానీ తర్వాత ఏం జరిగిందో చూడాలి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీలో అక్రమంగా నిర్బంధించినా పౌరుడు కోర్టును అడగలేడని నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తీర్పు ఇచ్చింది. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. అంటే వెట్టి నుంచి విడుదల అయిన మనిషిని రేపు పోలీసు ఎత్తుకుపోతే అడిగే దిక్కు లేదు. అదే కాలంలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఉత్తరాదిన పేదల ఇళ్ల మీదికే వచ్చాయి. అదీ సేవ పేరుతోనే, దేశాభివృద్ధి పేరుతోనే. ఇక వెట్టి రద్దు చట్టం సంగతి: కాగితం మీద ఉన్న చట్టం ఎనిమిదేళ్ల తర్వాత కూడా ఫరీదాబాద్ రాతి క్వారీల్లోని కూలీలకు అందలేదు. బంధువా ముక్తి మోర్చా అనే సంస్థ రాసిన ఒక ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకొని, 1983 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని అమలు చెయ్యమని చెప్పాల్సి వచ్చింది. ఉత్తరం రాసే స్వేచ్ఛ, దాన్ని వినే కోర్టు లేకపోతే ఆ మేలు చట్టం పుస్తకంలోనే ఉండిపోయేది.

ఇంకో ఉదాహరణ మన బడుల్లో రోజూ మధ్యాహ్నం కనిపిస్తుంది. ఎమర్జెన్సీ రోజుల్లోనే, 1976లో, జయప్రకాశ్ నారాయణ్ చొరవతో పౌరహక్కుల కోసం ఒక సంఘం పుట్టింది. తర్వాత అది పీయూసీఎల్ అయింది. గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుంటే జనం ఆకలితో ఉన్నారని 2001లో ఆ సంఘం సుప్రీంకోర్టులో కేసు వేసింది. 2001 నవంబరు 28న కోర్టు, ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో పిల్లలకు వండిన అన్నం పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఈ రోజు మన పిల్లల కంచంలో పడే అన్నం వెనుక పౌరహక్కుల సంఘం వేసిన కేసు ఉంది. "హక్కులెందుకు, అన్నం పెట్టండి" అనేవారికి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. ఆ అన్నం ఎవరి దయా కాదు కాబట్టే, పప్పు నీళ్లలా ఉన్న రోజు తల్లి బడికి వచ్చి అడగగలుగుతోంది.

ఉట్టి స్వేచ్ఛ చాలదు

అయితే హక్కు ఒక్కటి ఉంటే అన్నీ వస్తాయనుకోవడం కూడా పొరపాటే. 1952 ఆగస్టు 31న నేరస్థ జాతుల చట్టం దేశమంతటా రద్దయింది. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ల తర్వాత మాకు స్వాతంత్ర్యం వచ్చిందని మా వాళ్లు అనుకోవడంలో తప్పు లేదు. విముక్త జాతులు అని కొత్త పేరు కూడా వచ్చింది. కానీ విముక్తులైనవాళ్ల చేతిలో ఏముంది? ఉప్పు వ్యాపారం లేదు, ఎడ్లు లేవు, చాలామందికి భూమి లేదు, చదువు లేదు. ఊళ్లో దొంగతనం జరిగితే ముందుగా వచ్చే అనుమానం మాత్రం ఉంది. పైగా పాత చట్టం పోయిన చోట అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అలాంటి చట్టమే చేశారు. జైలు మాన్యువళ్లలో విముక్త జాతుల మీద ఉన్న వివక్షను సుప్రీంకోర్టు కొట్టేసింది 2024 అక్టోబరు 3న. చట్టం పుట్టిన 1871 నుంచి లెక్కవేస్తే 153 ఏళ్లు.

వద్దు అనే హక్కు నోటితో వాడేది అయినా, దాని బలం పొట్టలో ఉంటుంది. రేపటి బియ్యం ఇంట్లో ఉన్నవాడు తక్కువ కూలిని కాదనగలడు. లేనివాడు తలూపుతాడు. సేవ అవసరం ఇక్కడే ఉంది. మనిషి వద్దు అనగలిగే స్థితికి చేరేదాకా అతనికి అన్నం, చదువు, వైద్యం, కొంత భూమి అందించడమే సేవ పని. స్టువర్టుపురంలోనే 1970ల నుంచి హేమలతా లవణం, లవణం దంపతులు ఇంకో రకంగా పనిచేశారు. ఆ ఊరి మనుషులతో కూర్చొని మాట్లాడి, నేరం వదిలి బతకడానికి దారి వెతికారు. హాజరు పట్టీ పెట్టుకొని చేసిన సేవకూ, మనుషుల మాట విని చేసిన సేవకూ ఉన్న తేడా ఇదే.

వ్యాపారం సంగతి

స్వేచ్ఛా వ్యాపారం అనగానే మనకు పెద్ద కంపెనీలే గుర్తొస్తాయి. నాకు మాత్రం అంగడిలో గుల్లలు, చాటలు, చీపుర్లు ముందు పెట్టుకొని కూర్చున్న తల్లి గుర్తొస్తుంది. ఆమె కూడా వ్యాపారే. ఆమెకు ఎంత స్వేచ్ఛ ఉంది? ప్లాస్టిక్ తట్ట వచ్చి ఈత గుల్లను పక్కకు నెట్టింది. అది బాధే, అయినా కొనేవాడు తనకు నచ్చింది కొంటాడు, దాన్ని అన్యాయం అనలేం. కానీ కూర్చున్న చోటు నుంచి ఎప్పుడు పడితే అప్పుడు లేపేస్తే, సరుకు ఎత్తి పారేస్తే, అది అన్యాయం. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణాల్లో ఇలాంటివాళ్ల కోసమే వచ్చింది. సర్వే చెయ్యకుండా ఎవరినీ తొలగించకూడదని, పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలని అందులో ఉంది. కామారెడ్డిలో గంపలు అమ్మే మన వాళ్లలో ఎంతమందికి ఈ చట్టం తెలుసు?

వెదురు సంగతి చూడండి. వెదురు గడ్డి జాతిదని సైన్స్ పుస్తకంలో మనమే చెబుతాం. 1927 భారత అటవీ చట్టం మాత్రం దాన్ని చెట్టు అంది. చెట్టు అంటే కొట్టడానికి, తరలించడానికి అనుమతులు కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. అడవి బయట పెరిగే వెదురును చెట్ల జాబితా నుంచి తీసేసింది 2017లో. గంపలల్లే కులాలకు వెదురే పెట్టుబడి. తొంభై ఏళ్లు ఒక మాట వల్ల ఆ పెట్టుబడి గేటు అవతల ఉండిపోయింది. ఇలాంటి చోట అడ్డం తొలగించమని అడగడం, అంటే స్వేచ్ఛా వ్యాపారం కోరడం, పూర్తిగా మన పక్షాన ఉన్న కోరికే.

మరి అన్ని అడ్డాలూ తీసెయ్యాలా? అక్కడ ఆగి ఆలోచించాలి. ఏజెన్సీలో 1/70 చట్టం గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకుండా ఆపుతుంది. మన రాజంపేట, కామారెడ్డి ప్రాంతం షెడ్యూల్డ్ ఏరియా కాదు కాబట్టి ఆ చట్టం ఇక్కడ లేదు. ప్రభుత్వం పంచిన భూమి చేతులు మారకుండా 1977 అసైన్డ్ భూముల చట్టం ఒక్కటే మనకు ఉన్న కంచె. "నా భూమి నేను అమ్ముకోకూడదా, ఇదేం స్వేచ్ఛ" అని మన యువకులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఇది: పెళ్లికో ఆసుపత్రికో అప్పుచేసి, షావుకారు ముందు నిలబడ్డ మనిషి వద్దు అనలేడు. ఆ సమయంలో అతని తరఫున చట్టం వద్దు అంటోంది. అతను స్వయంగా వద్దు అనగలిగే రోజు వచ్చేదాకా ఆ కంచె ఉండాలి. ఆ రోజు రాకుండా చేసి కంచెనే శాశ్వతం చేస్తే, ఆ తప్పు పాలకులది. రాజ్యాంగం కూడా ఈ తూకాన్ని పాటించింది. 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా తిరిగే, నివసించే స్వేచ్ఛ అందరికీ ఇచ్చి, షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల కోసం ఆ స్వేచ్ఛకు సహేతుకమైన హద్దులు పెట్టవచ్చని కూడా చెప్పింది.

సేవా వ్యాపారమూ కలిసిపోయి వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. పేద ఆడవాళ్లకు చిన్న అప్పులిచ్చి ఆదుకుంటామని మైక్రోఫైనాన్స్ సంస్థలు ఊరూరా వచ్చాయి. వడ్డీ వ్యాపారి కంటే మేలు అని మొదట అనిపించింది. కానీ ఒకరు కట్టకపోతే గుంపులో మిగతావాళ్లు కట్టాలి అనే పద్ధతి వల్ల ఇంటి పక్కన ఉన్న అక్కాచెల్లెళ్లే ఒకరి మీద ఒకరు వసూలుదార్లయ్యారు. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తలు పెరిగి, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కట్టడి చేసింది. ఇక్కడా తప్పింది అదే: సంతకం పెట్టిన తర్వాత ఆ అక్కకు వద్దు అనే వీలు ఎక్కడా లేదు.

వద్దు అనే వీలు నిజంగా ఉంటే ఏం జరుగుతుందో పొరుగున ఒడిశాలో చూశాం. నియమగిరి కొండలో బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదే 12 గ్రామసభలు కూర్చున్నాయి. డోంగ్రియా కోందులు, వాళ్లతో కలిసి బతికేవాళ్లు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. పన్నెండు సభలూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది. అదే హక్కుతో రేపు ఇంకో ఊరు, లెక్క చూసుకొని, షరతులు పెట్టి, సరే అనవచ్చు. వద్దు అనగలిగినవాడు చెప్పిన 'సరే'కే విలువ.

మన బడుల్లో, మన ఇళ్లలో

ఈ ఆలోచన రాజ్యాంగానికి, పెద్ద కోర్టులకు మాత్రమే సంబంధించింది అనుకుంటే నేను రాసినదంతా వృథా. మన ఉపాధ్యాయులం కూడా ఒక సేవలో ఉన్నవాళ్లమే. మన దగ్గరికి వచ్చే పిల్లలకు మనం అన్నం, పుస్తకం, యూనిఫాం, పాఠం ఇస్తున్నాం. ఆ పిల్ల లేచి "సార్, నాకు అర్థం కాలే" అనగలుగుతోందా? "సార్, మీరు చెప్పింది తప్పేమో" అనగలుగుతోందా? అనలేకపోతే మన తరగతి గదిలో కూడా చిన్న హాజరు పట్టీ పాలన నడుస్తున్నట్టే. తరగతిలో పెన్ను పోతే ముందు ఏ పిల్లవాడి సంచీ వెతుకుతున్నామో ఒకసారి గమనించుకోండి. ఎరుకల పిల్లవాడి సంచీ అయితే, 1871 చట్టం రద్దయినా దాన్ని మన చేతులతో మనమే నడుపుతున్నట్టు.

యువతకు నేను చెప్పేది మూడు పనులు. ఒకటి, లెక్క నేర్చుకోండి. వడ్డీ లెక్క, కూలి లెక్క, తూకం లెక్క రానివాడికి బేరం ఆడే స్వేచ్ఛ ఉన్నా వాడుకోలేడు. రెండు, కాగితం రాయడం నేర్చుకోండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది, ఒక తెల్ల కాగితం, కొద్దిపాటి రుసుము చాలు. గ్రామసభలో లేచి మాట్లాడటం కూడా దీని కిందికే వస్తుంది. మూడు, మన వాళ్లు చేసే వ్యాపారాన్ని చిన్నచూపు చూడకండి. గంపలల్లే అమ్మ గురించి, పందులు సాకే నాన్న గురించి చెప్పడానికి కాలేజీలో సిగ్గుపడే పిల్లలు ఉన్నారు. ఉద్యోగం ఒక్కటే గౌరవం అనుకుంటే, ఉద్యోగం రానివాళ్లంతా గౌరవం లేనివాళ్లవుతారు. తన సరుకుకు తానే ధర చెప్పే మనిషి ఎవరికీ తీసిపోడు.

సేవ చేయడానికి వచ్చేవాళ్లను అనుమానించమని నేను చెప్పడం లేదు. మనకు సాయం ఇంకా చాలా కావాలి, ఇంకా చాలాకాలం కావాలి. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడగవలసింది అడుగుదాం. ఇది మాకు వద్దంటే ఏమవుతుంది? లెక్క మేం చూడవచ్చా? మీరు వెళ్లిపోయాక ఇది మేం నడుపుకోగలమా? కంపెనీ ఏజెంటు వచ్చినా, స్వచ్ఛంద సంస్థ వచ్చినా, ప్రభుత్వ అధికారి వచ్చినా ఇవే ప్రశ్నలు. అన్నం ముందా, హక్కు ముందా, వ్యాపారం ముందా అని వరుస పెట్టమని మనల్ని అడిగేవాళ్లకు కూడా ఇదే జవాబు. ఆ వరుస మా కోసం ఇంకొకరు పెట్టినన్నాళ్లూ మాకు మూడూ అందలేదు. ఇక మీదట దాన్ని మేమే నిర్ణయించుకుంటాం.